సెల్లులో ట్రైలరు... కొండమీద సినిమా!

ఒక సినిమా ఆడిందంటే హీరోకి పేరొస్తుంది. హీరోయిన్‌కి నాలుగు బుకింగులొస్తాయి. నిర్మాతకి డబ్బొస్తుంది (వస్తే!). మరి ఆ సినిమాలో పాట జరుగుతున్నంతసేపూ వెనకాల నోరు మెదపకుండా నిలబడ్డ కొండకీ, సెలయేటికీ, చెట్టుకీ ఏమొస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా?

జనం వస్తారు! 1983లో 'బేతాబ్' అని ఒక హిందీ సినిమా వచ్చింది. సన్నీ డియోల్‌కీ, అమృతా సింగ్‌కీ కూడా అదే తొలి చిత్రం. కాశ్మీరులో పహల్‌గామ్ దగ్గరున్న ఒక లోయలో తీశారు. సినిమా హిట్టయింది. హీరో హీరోయిన్లు ఆ తర్వాత వేరే సినిమాలకి వెళ్లిపోయారు గాని, లోయ మాత్రం అప్పట్నించీ 'బేతాబ్ వ్యాలీ' అయి కూర్చుంది! 2009లో '3 ఇడియట్స్' వచ్చింది. చివరి సన్నివేశం లడఖ్‌లో పాంగాంగ్ సరస్సు ఒడ్డున. సినిమాలో కరీనా కపూర్ నడిపిన లాంటి పసుపుపచ్చ స్కూటర్లు తర్వాత ఆ ఒడ్డుకి చేరాయి. ఎక్కి కూర్చుని ఫోటో దిగితే ఇంత అని లెక్క. మనవాళ్లు లైను కట్టి మరీ దిగుతున్నారు.

అంతదూరం ఎందుకు? మన గోదావరి గట్టున, కొవ్వూరు దగ్గర కుమారదేవంలో ఒక నిద్రగన్నేరు చెట్టుండేది. ఎన్ని సినిమాల్లో కనిపించిందో దానికే తెలీదు. 'సినిమా చెట్టు' అని పేరు పడిపోయింది. 2024 ఆగస్టులో అది కూలిపోతే, పెద్ద నటుడెవరో పోయినట్టు పత్రికలన్నీ రాశాయి, సినిమావాళ్లూ బాధపడ్డారు.

అయితే ఇవన్నీ పెద్ద కెమెరాల నాటి ముచ్చట్లు. అప్పట్లో మీ ఊరు తెరమీద కనబడాలంటే ఏ డైరెక్టరుగారి కన్నో దానిమీద పడాలి. జనరేటరు వ్యానులు, కేరేజీలు, డాన్సర్ల బస్సులు దిగాలి. ఇప్పుడదంతా అక్కర్లేదు. మీ జేబులోనే కెమెరా వుంది, ఎడిటింగు రూము వుంది, విడుదల చెయ్యడానికి థియేటరూ వుంది!

ఈవారం నేను చెప్పబోయేది ఆ జేబులో థియేటరు గురించే. దాన్ని నమ్ముకుని కొండమీద రెండు గదులు అద్దెకిస్తున్న ఒక కుర్రాడి గురించి కూడా.

పంతొమ్మిది సెకన్ల సినిమా

యూట్యూబులోకి ఎక్కిన మొట్టమొదటి వీడియో ఏదో తెలుసా? 2005 ఏప్రిల్ 23న ఎక్కిన ఆ వీడియోలో జావెద్ కరీమ్ అనే యువకుడు అమెరికాలోని శాన్ డియాగో జంతుశాలలో ఏనుగుల ముందు నిలబడి నాలుగు మాటలు చెప్పాడు. మొత్తం 19 సెకన్లు! కథ లేదు, పాట లేదు, ఫైటు అసలే లేదు. కానీ అదే పునాదిరాయి.

ఇంకో ముచ్చట. ఊరికెళ్లినవాళ్లకి ఎవరి ఇంట్లోనో గది అద్దెకి కుదిర్చిపెట్టే 'ఎయిర్‌బీఎన్‌బీ' అనే కంపెనీ పేరు వినే వుంటారు. 2009లో ఆ కంపెనీ దివాళాకి దగ్గరలో వుండేది. వారానికి 200 డాలర్లు వస్తే గొప్ప. ఏమిటా లోపం అని చూస్తే, ఇళ్ల ఫోటోలు చీకట్లో తీసినట్టున్నాయట! అప్పుడు కంపెనీ పెట్టిన బ్రయాన్ చెస్కీ, జో గెబియా స్వయంగా న్యూయార్క్ వెళ్లారు. మంచి కెమెరా ఒకటి అద్దెకి తీసుకుని, ఇల్లిల్లూ తిరిగి వాళ్లే ఫోటోలు తీశారు. త్వరలోనే వారం రాబడి రెట్టింపయింది. ఇళ్లు అవే, మంచాలు అవే, అద్దె అదే. మారిందల్లా చూపించిన తీరు!

ఫోటోకే అంత మహిమ వుంటే కదిలే బొమ్మకి ఎంతుండాలి? మన దేశంలో 2016 సెప్టెంబరులో జియో వచ్చి ఇంటర్నెట్టుని చవక చేసింది. 2020 జూన్ నెలాఖరున టిక్‌టాక్‌ని నిషేధించారు. ఆ మరునెలే ఇన్‌స్టాగ్రాం 'రీల్స్' మొదలెట్టింది. అంతే! పాడేరు పక్కన వంజంగి అని ఒక కొండ వుంది. తెల్లవారుజామున పైకెక్కితే కాళ్ల కింద పాలసముద్రంలా మేఘాలు కనిపిస్తాయి. ఆ మేఘాలు నిన్నా మొన్నా పుట్టినవి కావు, తాతల నాటినుంచీ అక్కడే వున్నాయి. కానీ సెల్లుల్లో తిరగడం మొదలయ్యాకే విశాఖపట్నం నించీ, హైదరాబాదు నించీ కార్లు బారులు తీరాయి. ఒక్క స్టారు నటించలేదు, ఒక్క పోస్టరు వెయ్యలేదు. అయినా హౌస్‌ఫుల్!

ముంచింగిపుట్టు కుర్రాడు

పాడేరు దాటి, పెదబయలు దాటి ఇంకా లోపలికి పోతే వస్తుంది ముంచింగిపుట్టు. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒడిశాకి ఆనుకుని వున్న మండలం. అరకు తెలిసినంతగా ఈ పేరు మీలో చాలామందికి తెలిసి వుండదు. కానీ చూడదగ్గ సరంజామా అంతా వుంది. మాచ్‌ఖండ్ నది వుంది. జోలాపుట్ జలాశయం వుంది. 150 మీటర్లకు పైగా ఎత్తునుంచి దూకే డుడుమ జలపాతం వుంది. 1955లో మొదలై ఇప్పటికీ ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాలు రెండూ పంచుకుంటున్న మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం వుంది. శీతాకాలంలో పొగమంచు, పొలాల్లో పచ్చగా వలిసె పూలు, నీడలో కాఫీ తోటలు, వాటి పక్కన చెట్లకి పాకిన మిరియాల తీగలు... ఇంకేం కావాలి?

కిందటి శీతాకాలం ఆ పక్కకి వెళ్లినప్పుడు ఒక కుర్రాడి ఇంట్లో దిగాను. పేరెందుకులెండి. డిగ్రీ చదివాడు. సినిమా పిచ్చి దండిగా వుంది. కొత్త సినిమా వస్తే పొద్దున్నే బయల్దేరి పాడేరు పోవాల్సిందే! అమ్మ, తను, చెల్లెలు. ఇంటి పక్కనే పెంకులు వేసి రెండు గదులు కట్టుకున్నారు. పట్నంవాళ్లకి రోజువారీ అద్దెకిస్తారు. అమ్మే వంట చేస్తుంది.

"మీకో సినిమా చూపిస్తాను సార్" అని సెల్లు నా చేతిలో పెట్టాడు.

చూశాను. డ్రోన్ కెమెరాతో తీసిన వీడియో అది. డుడుమ జలపాతం ఫెళఫెళమని దూకుతోంది. కట్ చేస్తే ఈ ఇల్లు! మళ్లీ కట్ చేస్తే మేఘాలు. వెనకాల ఒక సూపర్‌హిట్ సినిమా పాట. ఆకులు వున్నదానికన్నా పచ్చగా, ఆకాశం వున్నదానికన్నా నీలంగా... నిజం చెప్పొద్దూ, నాకూ ఆ ఇంట్లో వుండాలనిపించింది. అప్పటికి నేను ఆ ఇంట్లోనే వున్నాను!

"ఎవరు తీశారు?"

"పట్నం నుంచి ఒకాయన వచ్చారు సార్. రెండ్రోజులుండి తీసీసి ఆయన చానెల్లో పెట్టారు. జనం మాత్రం తెగొచ్చీసినారు."

"మంచిదేగా!"

"ఏటి మంచిది సార్! దిగగానే జలపాతం ఎక్కడ అంటారు. కిటికీలోంచి కనబడదా అంటారు. ఎండాకాలంలో వచ్చి డుడుమలో నీళ్లేవీ అని నామీద కేకలేశారు. మా అమ్మని కూడా నానా మాటలూ అన్నారు. నేను దాచిపెట్టానా సార్ నీళ్లు?"

పాపం, దాచింది ఆ కుర్రాడు కాదు. డుడుమకి వచ్చే నీటిని పైనే మళ్లించి కరెంటు తీయడానికి పంపిస్తారు. అందుకే వానాకాలంలో వున్న ఊపు వేసవిలో వుండదు. ఈ సంగతి ఊళ్లో పిల్లవాడిని అడిగినా చెబుతాడు. వీడియోలో ఒక్క ముక్క చెప్పి వుంటే గొడవే వుండేది కాదు. కానీ ఆ వీడియో తీసిన పెద్దమనిషికి ఆ ఊరితో పని రెండ్రోజులే. తర్వాత తిట్లు తినాల్సిన వాళ్లు వేరే వున్నారు.

ఇక్కడుంది కిటుకు! ట్రైలరు తీసినవాడు ఒకడు, థియేటర్లో ప్రేక్షకులకి జవాబు చెప్పుకునేవాడు ఇంకొకడు. మీరు ఎన్ని సినిమాలకి మోసపోలేదూ? ట్రైలర్లో మెరిసిన నాలుగు షాట్లే సినిమా మొత్తంలోనూ మంచివని ఇంటర్వెల్‌కి తెలుస్తుంది. బుకింగులు దద్దరిల్లుతాయి మొదటి రోజు. సోమవారం మ్యాట్నీకి ఈగలు! ఇల్లు అద్దెకివ్వడమూ అంతే. మొదటివారం జనాన్ని ట్రైలరు తెస్తుంది. వందరోజులు ఆడించేది మాత్రం నోటిమాటే.

కుర్రాడు తనే డైరెక్టరైతే...

"నువ్వే తియ్యొచ్చుగా తమ్ముడూ, ఇంత సినిమా పిచ్చి పెట్టుకుని?" అన్నాను.

"మా ఫోన్లో అంత బాగా రాదు సార్."

అంత బాగా రాకపోతేనే మంచిదన్నాను. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని ఒక స్క్రిప్టు లాంటిది రాసుకున్నాం. మీలోనూ ఎవరికైనా ఊళ్లో ఇల్లో, తోటలో గదో వుంటే పనికొస్తుందని ఇక్కడ చెబుతున్నాను.

మొదటి షాటు ఇంటి గుమ్మం. కొండలూ మేఘాలూ తర్వాత. చూసేవాడు సెల్లుని వేలితో పైకి తోసెయ్యడానికి రెండు మూడు సెకన్లు చాలు. అందుకని గుమ్మంలో అమ్మ నిలబడి "రండి బాబూ" అనడం మొదటి షాటు. ఆ నవ్వు ఏ డ్రోనుకీ దొరకదు.

రెండోది దారి. చివరి మలుపు నుంచి ఇంటిదాకా కట్ చెయ్యకుండా నడుస్తూ తియ్యాలి. గోతులుంటే గోతులు కూడా పడాలి. కారు ఎక్కడిదాకా వస్తుందో, ఎక్కణ్ణుంచి నడవాలో ముందే తెలిస్తే వచ్చినవాడు తిట్టడు.

మూడోది గది. పగటి వెలుతురులో, కిటికీ తెరిచి, తలుపు దగ్గర్నించి నెమ్మదిగా చుట్టూ తిప్పాలి. ఆ తర్వాత మరుగుదొడ్డి! నవ్వకండి. కుటుంబంతో వచ్చేవాళ్లు జలపాతం కన్నా ముందు అడిగేది దాని గురించే. వేడినీళ్లు కట్టెలపొయ్యి మీద కాచి ఇస్తే పొయ్యినే చూపించాలి. అదీ ఒక అందమే.

నాలుగోది, నోటితో చెప్పాల్సినవి. అద్దె ఎంత, అందులో భోజనం వుందా లేదా, సెల్లు సిగ్నలు ఎక్కడ అందుతుంది, ఎక్కడ అందదు, ఏ నెలలో పొగమంచు, ఏ నెలలో వలిసె పూలు, ఏ నెలలో డుడుమలో నీళ్లుంటాయి, ఇంటినుంచి అది ఎంత దూరం. ఎవరో స్టూడియో గొంతు అరువివ్వక్కర్లేదు. కుర్రాడు తన యాసలోనే చెప్పాలి.

ఐదోది సంగీతం. సినిమా పాట పెట్టకూడదు. అది ఇంకొకరి సొత్తు. వ్యాపారం కోసం వాడుకుంటే హక్కుదారు అడుగుతాడు, ఒక్కోసారి వీడియో నోరే నొక్కేస్తారు. పాట లేకపోతే ఎలా అన్నాడు కుర్రాడు. వాళ్ల ఊళ్లో థింసా ఆడతారు. మోరి వుంది, తుడుము వుంది, డప్పు వుంది. వాయించేవాళ్లని అడిగి, వాళ్లు సరేనంటే, వాళ్లకి ఇవ్వాల్సింది ఇచ్చి రికార్డు చేసుకుంటే అంతకన్నా బ్యాక్‌గ్రౌండు స్కోరు ఎవరిస్తారు? అయితే ఒకటి. పండక్కి ఆడే ఆటని, కారు దిగిన ప్రతివాడి కోసం రోజూ ఆడిస్తామని మాత్రం వీడియోలో చెప్పకూడదు. అది వాళ్ల ఆట, మన ఐటెం సాంగు కాదు.

ఆఖరిది పేరు. 'స్వర్గంలో ఒక రాత్రి' లాంటి టైటిల్ పెడితే ఎవడికీ దొరకదు. జనం వెతికేది 'ముంచింగిపుట్టులో గది', 'డుడుమ దగ్గర బస' అని. వెతికే మాటే టైటిల్లో వుండాలి, ఊరి పేరుతో సహా.

ఎవరైనా చానెలు ఆయన డబ్బు పుచ్చుకునో, ఉచితంగా వుండో పొగిడితే ఆ సంగతి వీడియోలోనే చెప్పి తీరాలి. కేంద్ర ప్రభుత్వం 2023 జనవరిలో దీనిమీద మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకి 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల రూపాయల దాకా జరిమానా వెయ్యొచ్చు. మళ్లీ చేస్తే 50 లక్షల దాకా! ఆకాశాన్ని మరీ నీలం చేసేవాళ్లు ఈ అంకెలు కాస్త గుర్తుంచుకోవాలి.

అసలు విలను ఎంట్రీ

ఇంతవరకూ కథ సరదాగానే నడిచింది. రాత్రి భోజనాలయ్యాక కుర్రాడు నెమ్మదిగా అసలు సంగతి బయటపెట్టాడు.

వీడియో చూసి వచ్చిన జనంలో ఒకాయన స్థలం చూసి ముచ్చటపడ్డాడట. "ఇక్కడ పది కాటేజీలు వేద్దాం. డబ్బు నాది, పేరు నీది. ఏటా ఇంత ఇస్తాను. నువ్వు మేనేజరుగా వుండు" అన్నాడట. ఆయన చెప్పిన అంకె ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడనిది. అమ్మ వద్దంటోంది. చెల్లెలి చదువు ముందుంది. కుర్రాడికి నిద్ర పట్టడం లేదు.

ఈ మాట సినిమా పత్రికలో ఎందుకంటారా? వీడియోకీ దీనికీ సంబంధం వుంది గనక. ఇల్లు ప్రపంచానికి కనబడిందంటే అద్దెకి వచ్చేవాళ్లకి ఒక్కళ్లకే కనబడదు. కొనేసేవాళ్లకి కూడా కనబడుతుంది!

మన్యంలో భూమికి ఒక కాపలా వుంది. 1959లో వచ్చిన రెగ్యులేషన్‌ని 1970లో గట్టిగా సవరించారు. అదే అందరూ చెప్పుకునే '1/70 చట్టం'. ఏజెన్సీ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకి అమ్మినా, లీజుకిచ్చినా, తాకట్టు పెట్టినా చెల్లదు. 1997లో సుప్రీంకోర్టు 'సమత' కేసులో ఈ రక్షణని ఇంకా బలపరిచింది. యాత్రికుడికి ఒక రాత్రి గది ఇవ్వడం వేరు, పేరు ఒకరిది పెత్తనం ఇంకొకరిది అయిన కాగితాల మీద సంతకం పెట్టడం వేరు. రెండోదాన్నే బినామీ అంటారు. ఆ సినిమాలో హీరో చివరికి సొంత ఇంట్లో వాచ్‌మన్ అవుతాడు.

"మరి డబ్బు లేకుండా ఎదగడం ఎలా సార్?" అన్నాడు కుర్రాడు. న్యాయమైన ప్రశ్నే.

దారి లేకపోలేదు. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం గిరిజన గ్రామాల కోసం ఒక పెద్ద పథకాన్ని ఆమోదించింది. అందులో దేశం మొత్తం మీద 1000 గిరిజన హోమ్‌స్టేలకి చోటుంది. కొత్తగా రెండు గదులు కట్టుకుంటే 5 లక్షల రూపాయల దాకా, వున్న గదులు బాగుచేయించుకుంటే 3 లక్షల దాకా, గ్రామానికి ఉమ్మడి అవసరాల కోసం 5 లక్షల దాకా సాయం. 2025-26 కేంద్ర బడ్జెట్లో హోమ్‌స్టేలకి ముద్రా రుణాలు కూడా ప్రకటించారు. ఇవి ఇంటి గుమ్మంలోకి నడిచి రావు. పాడేరు ఐటీడీఏకి, బ్యాంకుకి పదిసార్లు తిరగాలి. కాగితాలు పట్టుకుని వరసలో నిలబడాలి. కానీ ఆ తిరిగిన చెప్పులు అరిగినా భూమి అరగదు.

"ఆయనకి ఏం చెప్పమంటారు?" అన్నాడు.

నేను చెప్పడానికి ముందే, చెయ్యి కడుక్కుంటున్న అమ్మ చెప్పేసింది. "గదికి వొస్తే అన్నం పెడతామని సెప్పు. బూవికొస్తే లేదని సెప్పు."

డైలాగు రైటరుకి చెక్కు ఇవ్వాల్సిన మాట!

మర్నాడు పొద్దున్నే కుర్రాడు వీడియో తీశాడు. నిమిషంన్నర. రెండుచోట్ల చెయ్యి వణికింది. కోడి ఒకటి అడ్డంగా పరిగెత్తింది, తియ్యొద్దన్నాను. "డుడుమ మా ఇంట్లోంచి కనబడదండి, వానాకాలంలో వస్తే తీసుకెళ్లి చూపిస్తాను" అని తనే చెప్పాడు. మొదటి వీడియో చూసినంతమంది దీన్ని చూడలేదు. చూడరు కూడా. కానీ ఆ తర్వాత ఫోను చేసినప్పుడు ఒక మాటన్నాడు. "తక్కువమందే వస్తున్నారు సార్. కానీ ఎవరూ కేకలెయ్యట్లేదు. ఒక కుటుంబం రెండోసారి వచ్చారు." రిపీట్ ఆడియన్సు! ఏ నిర్మాత నడిగినా చెబుతాడు, దాని విలువేమిటో.

వాళ్ల పెద్దమనిషి మాత్రం ఇంకా ఫోను చేస్తూనే వున్నాడట. అంకె పెంచుతున్నాడట. కుర్రాడు ఇప్పటిదాకా అమ్మ డైలాగే చెబుతున్నాడు. ఎన్నాళ్లు చెప్పగలడన్నది మాత్రం అతని ఒక్కడి చేతిలో లేదు. కొంత మన చేతిలోనూ వుంది.

ఎలాగంటారా? మీరు సెలవులకి అరకో, లంబసింగో, వంజంగో, ముంచింగిపుట్టో బయల్దేరతారు. సెల్లులో పది వీడియోలు చూస్తారు. మీరు సినిమా తెలిసినవాళ్లు. ఏది సెట్టో, ఏది లొకేషనో, ఏది గ్రాఫిక్సో ఒక్క చూపులో చెప్పేస్తారు. ఆ తెలివే ఇక్కడా వాడండి. వీడియోలో ఇంటివాళ్ల మొహాలు కనబడుతున్నాయా? మరుగుదొడ్డి చూపించారా? లోపాలు చెప్పారా? ఆ గొంతు ఆ ఊరిదేనా? బుక్ చేసే ముందు ఫోను చేసి "ఇల్లు ఎవరిదండీ?" అని అడగండి. వెళ్లాక, బాగుంటే మీరూ ఒక చిన్న వీడియో తీసి వాళ్ల పేరు చెప్పండి. వలిసె చేనులోకి దిగి తొక్కకండి, అది ఒకళ్ల పంట. కొండమీద ప్లాస్టిక్ సీసా పారేసి రాకండి, అక్కడ లైట్‌బాయ్‌లు లేరు మీ వెనకాల సర్దడానికి.

ఏ సినిమాకైనా టైటిల్స్ పడేటప్పుడు మనం హీరో పేరుకి ఈల వేస్తాం. నిర్మాత పేరు వచ్చేసరికి పాప్‌కార్న్ వైపు చూస్తాం. కొండమీద ఇంటి విషయంలో మాత్రం ఆ అలవాటు కాస్త మార్చుకోండి. ముందు నిర్మాత పేరు చూడండి. ఆ పేరు ఆ ఊరివాళ్లదైతే, నిశ్చింతగా టికెట్టు కొనుక్కోండి!